నీలిరెక్కల ఉదయము

ఇంగ్లాండు దేశమున సోమర్సెట్ ప్రాంతములోని కాలర్డ్ హిల్ అను గడ్డికొండపై, జూన్ మాసమున, ఎండ ముదురకముందే ఛాయాగ్రాహకులు మోకాళ్లూని కూర్చుండి, లార్జ్ బ్లూ అను సీతాకోకచిలుక రెక్కలు విప్పు క్షణమునకై ఎదురుచూచుచుందురు. ఏలయన ఎండ తీవ్రమైనచో అది వాలినంతనే రెక్కలు ముడుచుకొనును, నల్లని చుక్కలు పొదిగిన ఆ నీలిమ కంటబడదు. రెక్కపై పొలుసుల సూక్ష్మనిర్మాణము వెలుగును మలచుటచే ఆ నీలము పుట్టును.

ఈ జాతి 1979లో బ్రిటన్‌లో అంతరించెను. తైమ్ అను మొక్క పూలపై పుట్టిన దీని గొంగళిపురుగును ఒకజాతి ఎర్రచీమలు తమ పిల్లయని భ్రమించి పుట్టలోనికి కొనిపోగా, అది చీమపిల్లలనే భక్షించుచు నెలల తరబడి అందే పెరుగును. పశువులు మేయుట తగ్గి, గడ్డి ఎత్తుగ పెరిగి, నేల చల్లబడి ఆ చీమలు క్షీణించుటయే వినాశహేతువని జెరెమీ థామస్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. ఎంతటి సూక్ష్మమైన బంధము! పిమ్మట స్వీడన్ నుండి తెచ్చిన సంతతితో ఈ జాతిని మరల నెలకొల్పిరి.

సీతాకోకచిలుకలను వలపట్టి, సూదిగ్రుచ్చి, పెట్టెలో దాచిన కాలముకన్న చిత్రముతో తృప్తినొందు ఈ కాలము మేలని నా దృఢవిశ్వాసము. అయినను చిత్రము తీయువారి బూటుక్రింద తైమ్ మొక్కయు చీమపుట్టయు నలుగవచ్చును. కావున మిత్రులారా, మన పచ్చికబయళ్లలోని చిన్ని నీలి సీతాకోకచిలుకలకై కెమెరా పట్టి పోవునపుడు కాలిబాట విడువకుడు.