చెట్లు రాజును వెదకినప్పుడు



యోతాము గెరిజీము కొండమీద నిలిచి చెప్పిన కథ మీరెరిగినదే (న్యాయాధిపతులు 9:8–15). చెట్లు తమకొక రాజు కావలెనని ఒలీవను, అంజూరమును, ద్రాక్షావల్లిని అడిగెను. మూడును తమ ఫలమును విడిచి రాలేమనెను. కడపట ముండ్లపొద సమ్మతించెను.

మన ప్రసంగములలో ఆ మూడు చెట్లను వినయమునకు మాదిరిగా చూపుట వాడుక. నాకు మాత్రము ఆ మాట మింగుడుపడదు. మంచి చెట్లు ఒల్లకపోవుటచేతనే గదా ముండ్లపొదకు పీఠము దొరికినది! అయినను ఒలీవ మాటలో న్యాయము లేకపోలేదు. నూనె నిచ్చు చెట్టు గద్దెకు పోయినయెడల ఇంటిలో దీపమెట్లు వెలుగును?

పి.గన్నవరమువంటి చోట ఇది గ్రంథములోనే యుండు ప్రశ్న కాదు. 19వ శతాబ్ది నడుమ వైనతేయ గోదావరిమీద 49 ఖానాల అక్విడెక్టు కట్టి, నదిమీదుగా కాలువను దాటించి, నగరము లంకకు నీరు చేర్చిరి. ఇప్పుడు ప్రక్కనున్న క్రొత్త అక్విడెక్టు ఆ పని చేయుచున్నది. చుట్టును నీరే. అయినను శివారు చేనుకు నీరందని దినములును, వర్షకాలమున మురుగు దిగక నారు కుళ్లు దినములును కలవు. 2011లో కోనసీమ రైతులు సార్వా పంటకే విరామము ప్రకటించిరి.

అట్టి సీమనుండి శాసనసభకు పోవువాడు చేను దున్నినవాడైతే ఈ బాధ ఒకరు చెప్పకయే తెలియును. ఆ తెలివిలోనే శోధనయు నున్నది. అతని చేనును ఆ కాలువ క్రిందిదే. ఎగువ రైతుకును శివారు రైతుకును ఓటు ఒక్కటే. కాని ఉదయముననే వచ్చి అరుగుమీద కూర్చుండువాడు తరచుగా ఎగువవాడే. చేను లేని కూలివాడు వీధిలోనే నిలుచును. పి.గన్నవరము షెడ్యూల్డు కులములకు కేటాయించిన స్థానము గనుక ఈ మాట మరచుటకు వీలులేదు.

ఎదుర్లంకలో రైతు కుటుంబమున పుట్టిన గంటి మోహనచంద్ర బాలయోగిగారు 1996లో ముమ్మిడివరమునుండి శాసనసభకు పోయి మంత్రియైరి. 1998లో లోక్‌సభ స్పీకరైరి. 1999 ఏప్రిల్ 17న వాజపేయిగారి ప్రభుత్వము విశ్వాస పరీక్ష నెదుర్కొన్నది. ఒరిస్సా ముఖ్యమంత్రియై యుండి సభ్యత్వము వదలని గిరిధర్ గమాంగ్‌గారు ఓటు వేయవచ్చునా అను తగవు వచ్చెను. బాలయోగిగారి స్వంత పక్షము ప్రభుత్వమునకు మద్దతిచ్చుచుండెను. అయినను ఆయన ఆ నిర్ణయమును ఆ సభ్యుని మనస్సాక్షికే విడిచిరి. ప్రభుత్వము 269కి 270 ఓట్లతో, ఒక్క ఓటుతో పడిపోయెను.

స్పీకరు తానే తీర్పు చెప్పవలసినదని కొందరందురు. అది త్రోసివేయదగిన మాట కాదు. కాని తన పక్షమునకు మేలగు తీర్పు చేతిలో నుండగా చేయి వెనుకకు తీసికొనుట సులభమా? అన్నదమ్ముల గట్టు తగవులో మధ్యవర్తిగా కూర్చున్నవారు చెప్పగలరు. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదములో ఆయన గతించిరి. ఎదుర్లంక, యానాముల నడుమ గౌతమిమీది వంతెన ఆయన పేరు ధరించియున్నది.

ముండ్లపొద తనంతట పెరుగునదియు కాదు. మనమును నీరు పోయుదుము. ఎన్నికైనవాని యొద్దకు మనము పట్టుకొనిపోవు అర్జీలలో నా బోది, నా అల్లుని ఉద్యోగము అనునవి ఎన్ని, ఊరి మురుగు కాలువను గూర్చినవి ఎన్ని?

సమూయేలు వృద్ధుడై జనులయెదుట నిలిచి, తానెవని యెద్దును తీసికొంటినో సాక్ష్యము చెప్పుడని అడిగెను (1 సమూయేలు 12:3). మన లంకలో పదవి దిగువాడు యెద్దునకు మారుగా నీటిని గూర్చి అడుగవలసియుండును. అప్పుడు మొదట నోరు తెరవవలసినవాడు శివారు రైతు.