ఓర్పునకు కొలత
వయస్సు వచ్చిన పిమ్మట మెదడులో క్రొత్త నాడీకణములు పుట్టవని శాస్త్రజ్ఞులు చిరకాలము నమ్మిరి. 1960 దశకమున జోసెఫ్ ఆల్ట్‌మన్ ఎలుకలలో అట్టి కణములను చూపినను, ఆ మాటను పట్టించుకొన్నవారు అరుదు. 1998లో మానవుల మెదడునను, జ్ఞాపకమునకు ఆధారమైన హిప్పోకాంపస్ భాగమున, అవి కానవచ్చినవి. 2018లో వెలువడిన రెండు పరిశోధనలు మాత్రము ఒకదానినొకటి కాదన్నవి.

2011 నాటి ఒక పరిశోధన నన్ను ఆలోచింపజేసినది. ఈ కణములు పుట్టకుండ చేసిన చుంచెలుకలను కొంతసేపు కదలనీయక బంధించిరి. విడిచిన పిమ్మటను వాని రక్తమున ఒత్తిడి హార్మోను త్వరగా తగ్గలేదు. క్రొత్త చోట మేత ఎదుటనున్నను తినుటకు జంకినవి. దీర్ఘకాలపు ఒత్తిడియే ఆ కణముల పుట్టుకను తగ్గించునని జంతువులలో అంతకు పూర్వమే తెలిసియున్నది. అనగా బాధ, తన్ను ఓర్చు సాధనమునే హరించుచున్నదన్నమాట!

మంచముపట్టిన అత్తగారికి ఏండ్ల తరబడి సేవచేయు కోడలు చిన్నమాటకే కసరుకొన్నప్పుడు, "ఓర్పు లేని మనిషి" అని తీర్పు చెప్పుట న్యాయమా? ఎలుకను చూచి మనుష్యుని నిర్ణయింపరాదు, నిజమే. ఆమె మాటకు ఆమెయే బాధ్యురాలనుటను నేను కాదనను. కాని అందరికిని ఒకే కొలతలో ఓర్పు దక్కినదనుకొని లెక్క అడుగుట ఎట్లు? చక్రముపై ఇచ్చవచ్చినట్లు పరుగెత్తిన చుంచెలుకలలో క్రొత్త కణములు హెచ్చినవని 1999లో తేలినది. హితబోధకు ముందు, ఒక సాయంకాలము రోగి చెంత మనము కూర్చుండి, ఆ తల్లిని కొంతదూరము నడచిరమ్మనవచ్చును.