యాత్రాఫలమెవరిది?

తీర్థమనగా తరింపజేయునది. ఏటిని దాటించు రేవునకును, సంసారమును దాటించు పుణ్యస్థలమునకును మన పెద్దలు ఈ యొక్క పేరే పెట్టిరి. రేవున పడవ నిలిచినప్పుడు ఎవరిని ఎక్కించుకొనవలెను, ఎవరిని గట్టున విడువవలెను అను ప్రశ్న పుట్టుట సహజము. క్షేత్రయాత్రకు బయలుదేరు కుటుంబమునందును ఈ ప్రశ్న ఏదో యొక రూపమున తలయెత్తుచునే యుండును.

నెల్లూరు జిల్లా సముద్రతీర ప్రాంతమున ముత్తుకూరు కలదు. 2008లో దాపునగల కృష్ణపట్టణమున నూతనమైన ఓడరేవు పని మొదలైన పిమ్మట ఆ ప్రాంతపు జీవనము మిక్కిలి మారినది. అయినను ఇంటిల్లిపాదియు కలిసి దేవుని చూచి రావలెనను కోరిక మారలేదు. సుమారు 20 కిలోమీటర్ల దూరమున, నెల్లూరిలో పెన్న యొడ్డున తల్పగిరి రంగనాథస్వామి పవళించియున్నాడు. పడమట, రాపూరు సీమ కొండల నడుమ, పెంచలకోనలో లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. దక్షిణమున తిరుమల కలదు. ఇంకను ముందుకు సాగగలవారికి భగవద్రామానుజుల జన్మస్థలమైన శ్రీపెరుంబూదూరు కలదు. ఒక వారము సెలవు దొరకినచో ఇవన్నియు సేవించి రావచ్చును.

ఇట్టి యాత్రకు సిద్ధమైన యొక కుటుంబమును మనసున భావింతము. బాడుగ బండి కుదిరినది. పిల్లల సెలవులును, తండ్రి సెలవును ఒక్కచోట కలిసినవి. కాని యింట పాడిగేదె యున్నది. దానికి మేత, నీరు చూచువారుండవలెను. దేవుని గూటిలో దీపము తప్పరాదు. అప్పుడు అందరి చూపులును ఇంటి పెద్దామె వైపు తిరుగును. "అవ్వ మెట్లెక్కలేదు గదా, ఇల్లు చూసుకుంటుందిలే" అని మనుమడనును. "అత్తా, మీ పేరు మీద హుండీలో వేసి ప్రసాదం తెస్తాము. ఇంట్లో ఉన్నా మీకు పుణ్యం వస్తుంది" అని కోడలనును. ఆమె కొంగుముడి విప్పి, రెండు నోట్లు కోడలి చేతబెట్టి, "సరేనమ్మా, పోయి రండి. నా కోసం కూడా ఒకసారి గోవిందా అనండి" అనును. బండి కదలిపోవును.

ఆ తల్లికి పుణ్యము దక్కునా? బండిలోనివారికి దక్కునా? విచారింపవలసిన ప్రశ్న యిదియే.

క్షేత్రమునకు స్వతస్సిద్ధమైన మహిమ కలదనియు, కాళ్లతో నడచి కన్నులార చూచినవారికే ఫలము గలుగుననియు కొందరందురు. భగవంతుడు సర్వాంతర్యామి గనుక ఎచ్చట నున్నను ఒకటే యని మరికొందరందురు. రెండు మాటలయందును సత్యము కలదు. కాని రెండవ మాటను ఎవరు పలుకుచున్నారో గమనింపవలెను. ఇంట నున్నను పుణ్యమే యని ఇల్లు విడిచి పోవువారు చెప్పుచున్నారు. ఆ మాటను వారు నిజముగ నమ్మినచో తామే యింట నిలిచి, పెద్దామెను బండి యెక్కింపవచ్చును గదా! మోకాళ్ల నొప్పియు సరియైన కారణము గాదు. తిరుమలకు మొదటి ఘాటురోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. కొండ యెక్కలేనివారికి దారి చిరకాలము క్రిందటనే సిద్ధమైనది. ఆమెను ఆపినది మోకాలు గాదు, గేదె!

మనము దర్శింపబోవు తావులు మనకేమి బోధించుచున్నవో చూతము. అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు గల దారిలో మోకాళ్ల పర్వతము కలదు. కొండ సాక్షాత్తు ఆదిశేషుడని యెంచి, దానిని పాదములతో త్రొక్కుటకు జంకి, రామానుజులు అచ్చట మోకాళ్లతో ప్రాకి యెక్కిరని సంప్రదాయము. వారిని ఎదుర్కొనుటకు వయోవృద్ధులైన తిరుమలనంబి స్వయముగా దిగివచ్చిరట. ఎవరినైన చిన్నవారిని పంపరాదా యని రామానుజులు అడుగగా, నాలుగు వీథులు వెదకినను తనకంటె చిన్నవాడు కనబడలేదని ఆ మహనీయులు బదులు చెప్పిరట. పెద్దవారు తమను చిన్నగా తలచుకొన్న చోటు గనుకనే అది మనకు పెద్దది.

తిరుమల ఆలయ మహాద్వారమున అనంతాళ్వారుల గునపమును నేటికిని చూడవచ్చును. తిరుమలలో పుష్పకైంకర్యమునకు ఎవరు పోవుదురని రామానుజులు శ్రీరంగమున శిష్యగోష్ఠి నంతటిని అడిగిరని పెద్దలు చెప్పుదురు. ఆచార్యుల సన్నిధిని విడువలేక, కొండ చలికి వెరచి పలువురు మౌనము వహింపగా అనంతాళ్వారులు లేచి నిలిచిరట. ఇచ్చట రెండు ధర్మములు కలవు. ఆచార్యులు బలహీనుని యొకనిని వేలుపెట్టి చూపలేదు, అందరిని అడిగిరి. త్యాగము చేసినవారు తామై ముందుకు వచ్చిరి. త్యాగము చేయువాని చేతిలో అది భూషణము. ఎదుటివారి నెత్తిన మోపినచో అది బరువు మాత్రమే.

ఈ ధర్మము మన దేశమునకే పరిమితము గాదు. అమెరికాలో మోర్మనులను క్రైస్తవశాఖవారు కలరు. వారి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1805లో వెర్మాంటు రాష్ట్రమున జన్మించెను. 1844లో ఇల్లినాయి రాష్ట్రపు కార్థేజి చెరసాలలో ఒక గుంపు ఆయనను చంపెను. అనుచరులు పడమటికి సాగి, 1847లో సాల్ట్ లేక్ లోయను చేరిరి. 1856లో చేతిబండ్లు లాగుచు వెనుక వచ్చుచున్న రెండు బృందములు మంచులో చిక్కుకొనగా, రెండు వందల మందికి పైగా చలికిని ఆకలికిని మరణించిరి. ఆ బృందములు ఇంకను దారిలోనే యున్నవని అక్టోబరులో వినినంతనే, లోయలో సుఖముగా నున్నవారు బండ్లు కట్టుకొని వారికై వెనుకకు మరలిరి. నేడు ఆ మతస్థులు బిడ్డలను ఆ తావులకు తోడ్కొనిపోవుదురు. కొందరు యువకులచేత చేతిబండ్లను లాగింతురు. ముందు చేరినవారు వెనుకబడినవారికై మరలి వచ్చిరని తెలియుటయే ఆ యాత్రకు సారము.

మన రామాయణమునందు ఈ ధర్మము మరింత స్పష్టము. వెంట వత్తునన్న భరతుని శ్రీరాముడు ఊరక ఆపలేదు, పాదుకలనిచ్చి యాపెను. పదునాలుగేండ్లు నిండగనే తిరిగి వత్తునని మాట యిచ్చెను. గడువు తీరినప్పుడు భరద్వాజాశ్రమమునుండి ముందుగా హనుమంతుని భరతునికడకే పంపెను. పోవువాడు నిలిచినవానికి ఋణపడి యున్నాడనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కావున యాత్రలు మానవలెనా? ఎంతమాత్రము కాదు. బిడ్డలు ఆ మెట్లను త్రాకవలెను, ఆ గునపమును చూడవలెను. కాని ఎవరు నిలువవలెనను ప్రశ్నను గుసగుసలుగా గాక, అందరు కూర్చుండియున్నప్పుడు అడుగవలెను. బలము గలవారు ముందు బదులు చెప్పవలెను. "ఈసారి నేనుంటాను, అవ్వా నువ్వు పోయిరా" అని మనుమడు నోరార పలికిననాడు, ఆ బాలుడు మోకాళ్ల పర్వతమును ఇంటనుండియే యెక్కినవాడగును. అవ్వయే మనసార నిలిచినచో, పోవువారు పాదుకలవంటి గురుతు నొకటి యామెకు విడిచి, చెప్పిన దినమున తిరిగి రావలెను. వచ్చిన వారములోనే యామెను తల్పగిరి రంగని సన్నిధికైనను తోడ్కొనిపోవలెను. ఆ దూరము 20 కిలోమీటర్లే, గేదెకు ఒక పూట మేత చాలును.

ఫలమును పంచుకొనుటకు ఇష్టపడని యాత్రకు ఫలము లేదు. పంచుకొన్న యాత్రకు ఇంటి గడపయే గోపురద్వారము. గట్టున నిలిచినవారిని మరువక రేవు దాటువారిని ఆ శ్రీనివాసుడు చేయిపట్టి దాటించుగాక!