బాలరక్ష

శ్రీమద్భాగవత దశమ స్కంధమందలి పూతనా సంహార ఘట్టము ఎల్లరకును సుపరిచితము. ఆ రక్కసి నేలగూలిన పిదప గోపకాంతలు పరుగున వచ్చి బాలకృష్ణుని ఎత్తుకొని, గోపుచ్ఛముతో దిగదుడిచి, భగవన్నామములతో అంగాంగమునకు రక్ష గావించిరి. లోకరక్షకునికే రక్ష చేయుట వాత్సల్యభక్తికి పరాకాష్ఠ. ఆ ఘట్టమున సూక్ష్మమైన విశేషమొకటి కలదు. గోపికలు మొదట తాము జలమును స్పృశించి, తమ అంగములకు న్యాసము చేసికొని, పిమ్మటనే శిశువునకు న్యాసము గావించిరి. బిడ్డను కాపాడవలెనన్నచో కాపాడెడి చేయి ముందుగా శుద్ధము కావలెను.

గృహములలో ఈ క్రమము తరచుగా తలక్రిందగుచున్నది. బిడ్డకు విరేచనములు కాగానే దృష్టి తగిలినదని ఉప్పు, మిరపకాయలు దిగదుడుతురు. అన్నము కలిపి పెట్టిన చేయి ఎట్టిదో విచారించువారు అరుదు. మరుగుదొడ్డికి పోయి వచ్చిన పిదపను, శిశువు మలమును కడిగిన పిదపను, వంటకు పూర్వమును, బిడ్డకు తినిపించుటకు పూర్వమును సబ్బుతో చేతులు రుద్ది కడుగుకొనవలెను. 'గోవిందా' యని మెల్లగా 20 మారులు స్మరించునంత సేపు రుద్దిన చాలును. ఆచమనము అంతశ్శుద్ధికి, సబ్బు హస్తశుద్ధికి. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు. 1847లో వియన్నా నగరపు ప్రసూతిశాలలో సెమ్మెల్వైస్ అను వైద్యుడు తోటి వైద్యులు క్లోరిన్ ద్రావణముతో చేతులు కడుగుకొనునట్లు నియమము చేయగా బాలింతల మరణములు మిక్కిలి తగ్గినవి.

హస్తశుద్ధి తరువాత ముఖశుద్ధి. ఆరు మాసములు నిండువరకు శిశువునకు తల్లిపాలే అమృతము. తేనెగాని, పంచదార నీరుగాని, మంచినీరుగాని అవసరము లేదు. అన్నప్రాశనమునకు మన పెద్దలు ఆరవ మాసమును విధించుట ఇచ్చట స్మరణీయము. యాత్రలో చంటిబిడ్డకు తీర్థమును నోట పోయక శిరస్సున ప్రోక్షించినను స్వామి అనుగ్రహమునకు లోటు రాదు.

కృష్ణుడు మన్ను తినెనని విని యశోద ఉపేక్షింపలేదు. చేయి పట్టుకొని నిలదీసినది. ఆ నోట బ్రహ్మాండము కనబడినది గాని మన బిడ్డల విషయమున మన్నుతో పోవునవి నులిపురుగుల గ్రుడ్లే. అవి రక్తహీనతకు మూలము. కావున గోళ్లు కత్తిరించుట, పాదరక్షలు తొడుగుట అలవరుపవలెను. ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో బడులయందును, అంగన్‌వాడీలయందును ఇచ్చు ఆల్బెండజోల్ మాత్రను వేయింపవలెను. ధూళి మేన కృష్ణుని నీరాటకు రమ్మని యశోద బ్రతిమాలుటను పెరియాళ్వారులు ఒక దశకమంతయు పాడిరి. ఆటనుండి వచ్చిన బిడ్డకు స్నానమన్నది ఆళ్వారుల కాలమునుండి వచ్చుచున్న తల్లుల నియమమే.

ఇంత జాగ్రత్త వహించినను రోగము రావచ్చును. విరేచనముల వేళ నీరు, పాలు మాన్పించుట పెక్కు ఇండ్ల పొరపాటు. విరేచనములకన్న దేహమున నీరింకిపోవుటయే ప్రాణాపాయకరము. తల్లిపాలు మానక, ఓఆర్‌ఎస్ పొట్లమును దానిపై సూచించిన కొలత ప్రకారము కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా త్రాగింపవలెను. వైద్యుని సలహాపై జింకు మాత్రలు వాడవలెను. కన్నులు గుంటలు పడినను, మలమున నెత్తురు కనబడినను, బిడ్డ త్రాగలేకున్నను క్షణమాత్రము ఆలసింపక వైద్యశాలకు చేర్పవలెను. దిష్టి తీయదలచినవారు దారిలోనే తీయవచ్చును.

టీకాలు వేరొక రక్ష. మన తాతలను గడగడలాడించిన మశూచి లోకమునుండి తొలగినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. 2014లో భారతదేశము పోలియో రహితమని ధ్రువీకరింపబడినది. తొమ్మిది మాసములు నిండగానే వేయు తట్టు టీకాను ఏ తల్లియు విస్మరింపరాదు.

కాళ్లు చేతులు కడుగుకొనక అర్చకుడు గర్భాలయమున అడుగిడడు. ఇంటి ఉయ్యాలలో శయనించినవాడు బాలకృష్ణుడే యని నమ్మువారికి ఆ ఉయ్యాలయు గర్భాలయమే. ఆ స్వామిని సేవించు చేతులు నిత్యశుద్ధములై, ప్రతి గృహమున శిశువులు ఆయురారోగ్యములతో వర్ధిల్లునట్లు శ్రీనివాసుడు కటాక్షించుగాక!