జాకీల వాళ్లకు అడ్వాన్సు ఇచ్చే ముందు

నాయనా,

కోవెలకుంట్ల ఇంటి గోడలు మళ్లీ బీటలిచ్చినాయని, జాకీలు పెట్టించి ఇల్లు మట్టం చేయిస్తావని మీ అమ్మ చెప్పింది. అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే నా మాట విని ఆ తర్వాత ఇవ్వు.

జాకీల పని చెడ్డదని నేననను. హర్యానా నుంచి వచ్చేవాళ్లు గోడ అడుగున కొంచెం కొంచెంగా తొలిచి, ఇనుప ఛానళ్లు దూర్చి, వాటి కింద మరజాకీలు వరసగా నిలిపి, ఒకరు చెప్తే అందరూ ఒకేసారి తిప్పుతారు. రోడ్డు ఎత్తు పెరిగి వాననీళ్లు లోపలికొచ్చే ఇంటికి అది బాగా పనికొస్తుంది. నీ ఇంటి జబ్బు వేరే. కింద ఉండేది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. జాకీ కూర్చునేదీ ఆ నేలమీదే కదా! ఎండాకాలంలో మట్టం చేసిన మూల వానలకు మళ్లీ లేస్తుంది. అమెరికాలో కొయ్య ఇళ్ల కింద మర తిప్పుకునే ఉక్కు స్తంభాలు నిలిపి, కదిలినప్పుడల్లా సవరించుకుంటారు. అక్కడ ఇంటి కింద దూలాలుంటాయి, మనిషి దూరేంత సందుంటుంది. మన పాత రాతిగోడల కింద బీమే లేదు. ఒకచోట ఎత్తితే ఇంకోచోట చీలుతుంది.

ముందు బీట సంగతి తేల్చుకో. సన్నని గాజుపట్టీని బీటకు అడ్డంగా పెట్టి, రెండు కొనలూ ప్లాస్టర్‌తో అతికించి, పక్కన తేదీ రాయి. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టే. బీటకు అటూ ఇటూ పెన్సిల్ గీతలు గీసి నెలనెలా స్కేలుతో కొలువు. ఎండలకు విచ్చుకుని వానలకు మూసుకుంటా ఉంటే రేగడి పనే. మూసుకోకుండా పెరుగుతూనే పోతే ఆలస్యం చేయొద్దు, సామాను తీసి ఇంజనీరును పిలువు. అడుగున నేలే కుంగుతుండొచ్చు. కడప దగ్గర చింతకొమ్మదిన్నె మండలంలో 2015లో వానల తర్వాత పొలాల్లో నేల గుంతలు గుంతలుగా కుంగింది. అడుగున సున్నపురాయి ఉండే చోట అట్లాంటిది జరిగితే ఏ జాకీ ఆపలేదు.

తర్వాత నీళ్ల సంగతి. మీ స్నానాల గది నీళ్లు గోడ పక్కనే ఇంకుతున్నాయి, ఆ మూలే ఎక్కువ చీలింది. పైపు వేసి దూరంగా వదులు. గోడ చుట్టూ ఐదారడుగులు బేతంచెర్ల బండలు బయటికి వాలుగా పరిపించి, సందులు సిమెంటుతో మూయించు. గోడ పక్క వేపచెట్టును మాత్రం ఒక్కసారిగా కొట్టించొద్దు. అది తాగే నీళ్లు నేలలోనే నిలిచి, రేగడి ఇంకా ఉబ్బుతుంది.

వెనక కొత్త గది కట్టేటప్పుడు మాత్రం లోభం చేయొద్దు. ఇట్లాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్‌ఐ) వాళ్లు అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు, అంటే అండర్‌రీమ్డ్ పైల్స్ తయారుచేసినారు. రేగడి లోతుగా ఉంటే కనీసం 3.5 మీటర్లు దించాలి. పైన బీముకూ నేలకూ నడుమ 80 మిల్లీమీటర్ల సందు వదలాలి. మేస్త్రీ ఆ సందును మట్టితో పూడ్చకుండా నువ్వే దగ్గరుండి చూసుకో.

ఈ వానలు పోనీ. దీపావళికి నేనొస్తా, ఆ కొలతలు ముందర పెట్టుకుని ఇంజనీరుతో మాట్లాడదాం.