పక్కవాళ్ల చిమ్నీ పొగ: భరించడం ధర్మమా, అడగడం ధర్మమా?



గీత పన్నెండో అధ్యాయం వీడియోలో భక్తుడి లక్షణాల్లో ఓర్పు గురించి చెప్పుకున్నాం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మన అపార్ట్‌మెంట్ పక్కనే ఒక రెస్టారెంట్ ఉందనుకోండి. సాయంత్రం ఏడు కాగానే బొగ్గుల తందూరి భట్టీ వెలిగిస్తారు. పొగగొట్టం సరిగ్గా మూడో అంతస్తు దగ్గర ఆగిపోయింది. కిటికీలు మూసినా పొగ ఆగదు, ఆరేసిన బట్టలకు మసి, ఇంట్లో పెద్దవాళ్లకు రాత్రంతా దగ్గు. హైదరాబాద్‌లో మా వైపు ఇలాంటి ఇళ్లు వీధికి ఒకటైనా ఉన్నాయి. ఇప్పుడు ఆ ఓర్పును ఏం చేయాలి?

మనవాళ్ల దగ్గర రెండు రెడీమేడ్ జవాబులు ఉంటాయి. ఒకటి: "ప్రారబ్ధం, సర్దుకుపోవాలి." రెండోది: "వెంటనే కంప్లైంట్ పెట్టి మూయించేయాలి." రెండింటినీ శాస్త్రం పక్కన పెట్టి చూద్దాం.

మొదటి జవాబుకి చాలామంది గీతనే సాక్ష్యంగా తెస్తారు. పద్దెనిమిదో అధ్యాయం 48వ శ్లోకంలో కృష్ణుడు, నిప్పును పొగ కమ్మినట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కమ్మి ఉంటుంది, కాబట్టి దోషం ఉందని తన కర్మను వదిలేయకూడదు అంటాడు. నిప్పు ఉన్నచోట పొగ తప్పదు కదా, మరి వాళ్ల పొగను తప్పుపట్టడం ఎందుకు అని వాదన.

కానీ ఆ మాట ఎవరితో చెప్పాడో చూడండి. పని చేసేవాడితో. నీ పని మానేయకు అని అతనికి చెప్పిన మాట అది. పక్కింటివాడితో నువ్వు పీల్చుకో అని చెప్పలేదు. పైగా తప్పించలేని దోషం వేరు, తప్పించగలిగీ తప్పించని దోషం వేరు. మంట పెడితే పొగ రావడం మొదటి రకం. గొట్టాన్ని పక్క బిల్డింగ్ పైకప్పు కంటే ఎత్తుకు తీసుకెళ్లకపోవడం, నూనె పేరుకున్న ఫిల్టర్లను నెలల తరబడి కడగకపోవడం రెండో రకం. దీనికి గీతలో మినహాయింపు నాకైతే కనబడలేదు.

ఇక క్షమ. మహాభారతం వనపర్వంలో ద్రౌపదికీ ధర్మరాజుకీ దీని మీదే పెద్ద చర్చ జరుగుతుంది. బలి తన తాత ప్రహ్లాదుణ్ణి, క్షమ గొప్పదా, తేజస్సు గొప్పదా అని అడిగిన కథ ద్రౌపది చెబుతుంది. ఎప్పుడూ క్షమించడమూ మంచిది కాదు, ఎప్పుడూ కోపంగా ఉండడమూ మంచిది కాదు అన్నది ప్రహ్లాదుడి జవాబు. ధర్మరాజు తర్వాత క్షమను ఎంతో పొగుడుతాడు. ఆ చర్చ చదివాక నాకు తోచింది ఇది: నాకు జరిగిన హానిని నేను క్షమించగలను. మా కింది ఫ్లోర్‌లో ఉబ్బసంతో ఉన్న పెద్దావిడ తరఫున క్షమించే హక్కు నాకు లేదు. సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ పిల్లల తరఫున అసలే లేదు. ఏసీ వేసుకుని కిటికీ మూసుకోగలిగినవాడి ఓర్పుకి ఖర్చు తక్కువ. దాని బిల్లు కిటికీలు మూసుకోలేనివాళ్లు కడతారు.

హాని కూడా చిన్నదేం కాదు. పొగలోని పీఎం 2.5 కణాలు వెంట్రుక మందంలో సుమారు 30వ వంతు ఉంటాయి, ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్తాయి. చలికాలం రాత్రుళ్లు నేల దగ్గర గాలి చల్లబడి కదలదు కాబట్టి పొగ పైకి లేవక మన అంతస్తుల మధ్యే తిరుగుతుంది.

మరి రెండో జవాబు సరైనదా? ఫోన్ తీసి కంప్లైంట్ టైప్ చేసేముందు ఒక పరీక్ష పెట్టుకోవాలి. గీత మూడో అధ్యాయం 38వ శ్లోకంలో కూడా పొగ వస్తుంది. అక్కడ పొగ మన లోపలిది. నిప్పును పొగ కప్పినట్టు కామం జ్ఞానాన్ని కప్పేస్తుంది అంటాడు. మనకు ఇబ్బంది పొగతోనా, అందులోని మాంసం వాసనతోనా? ఆ ఓనర్ మనవాడు కాదన్న విషయంతోనా? అంతే పొగ మనకిష్టమైన టిఫిన్ సెంటర్ నుంచి వస్తే ఇలాగే అడుగుతామా? మన ఫ్లాట్‌లో చేసుకున్న హోమం పొగ పక్కింటి పసిబిడ్డ గదిలోకి వెళ్తే కిటికీ మార్చి కూర్చుంటామా? మనకు నచ్చని వాసన మన సమస్య. ఊపిరి ఆడనివ్వని పొగ అందరి సమస్య. మొదటిదాన్ని రెండోదాని పేరుతో కంప్లైంట్ చేస్తే అది అసత్యం.

ఈ పరీక్ష పాసయ్యాక అడగాలి, తప్పకుండా అడగాలి. ఎలా అడగాలో పదిహేడో అధ్యాయం చెబుతుంది. ఉద్వేగం కలిగించనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది అయిన మాట వాక్కుతో చేసే తపస్సట. సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్ని మంచి బగ్ రిపోర్ట్ అంటాం! "మీ హోటల్ వల్ల చచ్చిపోతున్నాం" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. వారం రోజులు ఏ టైమ్‌కి వస్తోందో రాసుకుని, రద్దీ లేని మధ్యాహ్నం వెళ్లి, "అన్నా, రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా పొగ మా ఇళ్లల్లోకి వస్తోంది. గొట్టం మా బిల్డింగ్ పైదాకా లేపించగలరా? ఫిల్టర్లు ఒకసారి చూపిస్తారా?" అంటే అతను చేయగలిగిన పని అతని చేతిలో పెట్టినట్టు. ఆ భట్టీ ముందు నిలబడి రొట్టెలు కాల్చే కుర్రాడు మనకంటే ఎక్కువ పొగ పీలుస్తున్నాడని కూడా గుర్తుంచుకోండి. ఎగ్జాస్ట్ బాగుపడితే మొదటి లాభం అతనిదే.

అడిగినా వినకపోతే? కొంత గడువు ఇచ్చి, అప్పుడు మున్సిపల్ కార్పొరేషన్‌కి, పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకి రాయండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, చుట్టుపక్కల జనం ఆరోగ్యానికి హాని చేసే వ్యాపారాన్ని సరిచేయమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. కొందరికి సౌకర్యమో లాభమో ఉందన్న కారణంతో పదిమందికి చేసే ఇబ్బందిని మన్నించేది లేదని న్యాయ సంహిత కూడా చెబుతుంది. ఇది పగ తీర్చుకోవడం కాదు. సొంత చేతుల్లోకి తీసుకోకుండా వ్యవస్థకు అప్పగించడం.

"వాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా?" అన్నది నిజమైన ప్రశ్న. తాజ్‌మహల్ పొగ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 30న ఇచ్చిన తీర్పు చూడండి. బొగ్గు వాడే 292 పరిశ్రమలను సహజవాయువుకి మారమని, లేదంటే ఆ ప్రాంతం వదిలి వెళ్లమని చెప్పింది. అదే తీర్పులో, తరలివెళ్లే పరిశ్రమల కార్మికుల ఉద్యోగాలకు రక్షణ, ఏడాది జీతం బోనస్ కూడా పెట్టింది. పొగ ఆగాలి, మనిషి బతకాలి. రెండూ కలిపి ఆలోచించడం కుదురుతుంది. గొట్టం వేయించడానికి రెండు నెలలు కావాలని ఓనర్ అడిగితే ఆ రెండు నెలలు భరించండి. మన ఓర్పుకి సరైన చోటు అదే.

పన్నెండో అధ్యాయం 15వ శ్లోకంలో భగవంతుడు తనకు ఇష్టమైనవాణ్ణి రెండు మాటల్లో చెప్పాడు: అతని వల్ల లోకం కలత చెందదు, లోకం వల్ల అతను కలత చెందడు. మొదటి సగం చిమ్నీ ఉన్న ప్రతివాడికీ. రేపు మన ఇంట్లో హోమం చేసుకుంటే మనకు కూడా. రెండో సగం ఈరోజు అడగడానికి వెళ్తున్న మనకు. కలత చెందకుండా వెళ్లండి, కానీ వెళ్లండి.

కృష్ణార్పణం.