పర్ణశాలలో ఏడు రోజులు



బిలాస్‌పూర్‌లో మన తెలుగువాళ్లలో చాలామంది బతుకు రైల్వేతో ముడిపడి ఉంది. నౌకరీ ఉన్నన్నాళ్లూ క్వార్టర్. రిటైరయ్యాక తాళాలు అప్పగించాల్సిందే. ఇది తెలిసినవాళ్లకు లేవీయకాండము 23వ అధ్యాయంలోని పర్ణశాలల పండుగ ఇట్టే బోధపడుతుంది.

ఐగుప్తు నుంచి విడుదలైన ఇశ్రాయేలీయులు అరణ్యంలో తాత్కాలిక నివాసాల్లో బతికారు. పంట ఇంటికొచ్చి గాదెలు నిండిన వేళ ఆ రోజులు మరిచిపోకూడదనే, ఏటా ఏడు రోజులు పర్ణశాలల్లో ఉండమన్నాడు దేవుడు. యూదులు నేటికీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెరట్లోనో డాబా మీదో పందిరి వేసి, పైన కొమ్మలు పరుస్తారు. ఆ కొమ్మల సందుల్లోంచి చుక్కలు కనిపించేలా పలచగా కప్పడం వాళ్ల ఆనవాయితీ.

యేసు కూడా ఈ పండుగకు యెరూషలేము వెళ్లాడు. పండుగ రోజుల్లో యాజకులు సిలోయము కోనేటి నీళ్లు తెచ్చి బలిపీఠం దగ్గర పోసేవారు. చివరి మహాదినాన ప్రభువు నిలబడి, దప్పిగొన్నవారిని తన దగ్గరికి రమ్మని బిగ్గరగా పిలిచాడని యోహాను సువార్త 7వ అధ్యాయం చెబుతోంది. క్రైస్తవుడికి ఈ పండుగ అర్థం అక్కడే ఉంది: మన భద్రత గోడల్లో లేదు, క్రీస్తులో ఉంది.

ఈ పండుగ సంతోషంలో పరదేశికీ, తండ్రిలేని బిడ్డకూ, విధవరాలికీ పాలు ఉండాలని ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. అందుకే, బదిలీ మీద మీ కాలనీకి కొత్తగా వచ్చిన కుటుంబాన్ని ఈ ఆదివారం భోజనానికి పిలవండి.